నల్లాకు చెప్పిన కలలు

ఆ రోజుల్లో అంటూ ఎవరైనా మొదలుపెడితే చాలు, పలకలు, బలపాలు, బెత్తం పట్టుకున్న పంతుళ్లు, బడి ఎగ్గొట్టి కోసుకున్న జామకాయలు వరుసగా వచ్చేస్తాయి. అలాంటి జ్ఞాపకాలు నేనూ చాలా విన్నాను. ఈమధ్య చదువుతున్నాను కూడా. నాకు మాత్రం అవి లేవు. మా అమ్మగారి ఊరు దేవసూగూరులో బడి మా గోడను ఆనుకునే ఉండేది. లోపల పిల్లలు ఎక్కాలు పాడుతుంటే ఆ పాటకు తగ్గట్టు నేను బయట పిడకలు కొట్టేదాన్ని. గోడ దాటి లోపలికి పోయే రోజు రాలేదు. అందుకని నా చదువుకునే వయసు నలభై దాటాక వచ్చింది. రాయచూరులో, అత్తగారింటి నడిమింట్లో, పైన ఫ్యాను కిర్రుకిర్రుమంటుండగా, ఒక నులక మంచం మీద, కళ్లు మూసుకుని పడుకోవడంతో వచ్చింది. ఆ చదువులో నేను పంతులమ్మనూ కాదు, విద్యార్థినీ కాదు. నేనే పాఠం. (నవ్వుకోండి. అప్పుడు మా వాడంతా నవ్వింది.)

మా ఆయన అన్న, మా బావ, ఆయన కూతురికి వాడలో 'మెదడు పిల్ల' అని పేరు. తల్లి చిన్నప్పుడే పోవడంతో అది నా రొట్టెల పొయ్యి పక్కనే పెరిగింది. (ఒక ఖానావళికి, అంటే భోజన హోటలుకు, నేను జొన్నరొట్టెలు చేసి పంపిస్తాను. తెల్లారకముందే మొదలుపెడితే పొద్దెక్కేసరికి గంపలు వెళ్లిపోతాయి.) పిండి ముద్దలతో బొమ్మలు చేసుకుంటూ ఆగకుండా ప్రశ్నలు అడిగేది. చీమలు నిద్రపోతాయా? రొట్టె తట్టే చెయ్యికి ఎక్కడ ఆగాలో ఎవరు చెబుతారు? మొన్న తిన్న మామిడిపండు రుచి ఇప్పుడు ఎక్కడుంది? నాకు ఒక్కదానికీ జవాబు తెలిసేది కాదు. పన్నెండో తరగతి అయ్యాక అందరూ నర్సింగో టీచరు ట్రైనింగో అనుకుంటుంటే, అది బెంగళూరు పోయి న్యూరోసైన్స్ డిగ్రీ చదువుతానని కూర్చుంది. మా బావ గంజ్‌లో పత్తి దుకాణంలో గుమాస్తా. ఏ మాటనైనా చేతిలో పింజ పట్టుకుని చూసినట్టు అటూ ఇటూ లాగి చూస్తాడు.

"అంటే ఏంది?" అన్నాడు.

"మెదడు గురించి చదువుడు, నాయినా. మనం ఎట్ల చూస్తం, ఎట్ల యాదుంచుకుంటం, ఎట్ల నిద్రపోతం, అన్నీ."

పక్కన వక్కలు కత్తిరిస్తున్న మా అత్త అడకత్తెర ఆపింది. "మెదడున్నోళ్లు చదువుతరని ఇన్న. మెదడునే చదువుడేందే? నిద్రపోవుడు గూడ నేర్పుతరా కాలేజీల?"

ఎలాగో ఒప్పించుకుని పోయింది. మొదటి సెలవులకు వచ్చినప్పుడు ఎదురింటి ఖాలా తిమ్మిరెక్కే చెయ్యి చూపించుకోవడానికి వచ్చి కూర్చుంది. తాను డాక్టరు కాదని అది చెప్పుకుంది. "తో ఫిర్ క్యా బన్తీ మా?" అని ఖాలా జాలిగా అడిగింది. మరి ఏమవుతావమ్మా అన్న ఆ ప్రశ్న లోపలి గదిలో ఉన్న మా బావ చెవిలో పడింది. ఆ పైన పిల్లకు ఒక పేపరు తప్పింది. ఎండాకాలం సెలవులకు పెట్టె పట్టుకుని ఇంటికి రాగానే ఆయన తీర్పు చెప్పేశాడు.

"ఈసారి గూడ గిట్లనే అయిందనుకో, మళ్ల బెంగళూరు లేదు. ఈడనే డిగ్రీ కాలేజీల బీయే చేరుస్త. గంత దూరం పోయి ఫేలయ్యేది, ఈడనే మా కండ్ల ముందట ఫేలవ్వు."

అది వంటింట్లోకి వచ్చి, నేను పిండి కలిపే పరాతులోంచి ఒక పిండి ముద్ద గిల్లి చేతిలో నలుపుతూ కూర్చుంది. "చిన్నమ్మా, సెలవులల్ల ఒక ప్రాజెక్టు చేసుకొని రమ్మన్నరు. అది సరిగ్గ రాకపోతే నా పని ఖతం."

ప్రాజెక్టు ఏమిటంటే, నిద్రపోయే మనిషిని చూడటం. (మా అత్త అన్నది నిజమే అయింది. ఆ సంతోషంతో ఆవిడ ఆ పూట ఇంకో తమలపాకు ఎక్కువ వేసుకుంది.) నిద్రలో ఒకప్పుడు మూసిన రెప్పల కింద కనుగుడ్లు అటూ ఇటూ పరుగెడతాయట. అప్పుడు లేపితే కల గుర్తుంటుందట. గుడ్లు కదలనప్పుడు లేపితే చాలామంది ఏమీ లేదంటారట. రెండు రకాలుగానూ లేపి చూసి, ఆ మనిషి చెప్పింది చెప్పినట్టు రాసుకుపోవాలి. అయితే లేపిన వెంటనే చెప్పించాలి, ఎందుకంటే కల పెనం మీద చిలకరించిన నీటిబొట్టు లాంటిది, చూస్తుండగానే ఆరిపోతుంది.

ముందు మా అత్తను పడుకోబెట్టింది. ఆవిడ సగం కళ్లు తెరిచే నిద్రపోతుంది, దానికి తోడు ఆ గురకకు పరీక్ష చేసేవాళ్లకే భయం వేస్తుంది. తర్వాత ఆటో నడిపి అలిసి వచ్చిన మా ఆయన వంతు. గుడ్లు కదులుతున్నాయని భుజం తట్టి లేపితే, ఆయన కళ్లు తెరవకుండానే "బస్టాండా, స్టేషనా?" అని అడిగి అటు తిరిగి పడుకున్నాడు. మా బావను అడిగే ధైర్యం ఎవరికీ లేదు. మిగిలింది నేను.

"ఇంటి కోడలు పట్టపగలు మంచమెక్కుతదా?" అంది మా అత్త. "జూసినోళ్లు జరమొచ్చిందంటరు."

"చదువు కోసం, అవ్వా."

"ఏం చదువో! నా కాలంల గీ చదువు ఉండుంటే నేను ఎప్పుడో పట్టా తెచ్చుకుందు."

అలా నా చదువు మొదలైంది. పెళ్లయి ఆ ఇంటికి వచ్చినప్పటి నుంచి పగలు ఆ మంచాన్ని ఎత్తి గోడకు ఆనించడమే తప్ప దాని మీద నడుం వాల్చి ఎరగను. పైగా ముఖం మీద ముఖం పెట్టి ఒకరు చూస్తుంటే నిద్ర ఎలా వస్తుంది?

"నవ్వకు, చిన్నమ్మా."

"నవ్వుతలేను. నువ్వు ఊపిరి ఇడుస్తుంటే ముక్కుకు తగులుతున్నది."

"ఊపిరి బంద్ చెయ్యాల్నా? కండ్లు మూసుకో. ఏం సోంచాయించకు."

ఏమీ ఆలోచించవద్దంటే నాకు రేపటి పిండి గుర్తొచ్చింది. తర్వాత గంప అంచు ఊడిపోవడం గుర్తొచ్చింది. తర్వాత మెల్లగా అవన్నీ ఒక్కొక్కటే నన్ను వదిలేశాయి. రాయచూరు ఎండ ఎలాంటిదో తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. మధ్యాహ్నం అయ్యేసరికి వీధి మొత్తం నోరు మూసుకుంటుంది. షాబాదు బండల నుంచి చల్లదనం మంచం కిందికి వచ్చి కూర్చుంటుంది. గోడకు తగిలించిన తడి చీర వాసన, ఫ్యాను కిర్రు, దూరంగా రైలు కూత. నేను ఉన్న ఇల్లు నాకు కొంచెం కొంచెంగా దూరమైపోయి, చివరికి నా చేతులు కూడా ఎవరివో అన్నట్టు పక్కన పడి ఉన్నాయి. అంత మెత్తటి నిద్ర నా బతుకులో నేను ఎరగను.

"చిన్నమ్మా! చిన్నమ్మా! ఏం కలొచ్చింది? జల్ది చెప్పు!"

లేచాను. కల నోటి దాకా వచ్చి ఉంది. దాన్ని అలాగే పట్టుకుని వెనక దొడ్లోకి పరుగెత్తాను. నల్లా తిప్పి, ధారకు నోరు దగ్గర పెట్టి మొత్తం చెప్పేశాను. తిరిగి వచ్చేసరికి కల లేదు. చీరకొంగు మాత్రం తడిసి ఉంది.

"ఆడికెందుకు ఉరికినవ్?" అంది పిల్ల, కలం పట్టుకుని నోరు తెరిచి.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా అమ్మగారింట్లో ఎవరికి కల వచ్చినా ముందు పారే నీళ్లకు చెప్పాలి, ఆ తర్వాతే మనుషులకు. మంచిదైతే నీళ్లు దాన్ని పొలానికి చేరుస్తాయి, చెడ్డదైతే కొట్టుకుపోతుంది. మా అమ్మ కృష్ణ ఒడ్డుకు పోయి చెప్పేది. నాకు పెళ్లయ్యాక నది దూరమైంది కాబట్టి నల్లా. చిన్నప్పుడు ఒకసారి నేను నీళ్ల కంటే ముందు మా అక్కకు కల చెప్పాను. ఆ వారమే మా ఇంటి గోడ కూలింది. వాన వల్ల కూలిందని నాకు తెలుసు. నానిన మట్టి గోడ కాబట్టి కూలిందనీ తెలుసు. అయినా సరే.

మర్నాడూ అదే జరిగింది. ఆ మర్నాడు నల్లాలో నీళ్లు రాక, తొట్టి దగ్గరికి పోయి చెంబుతో వంపుకుంటూ చెప్పి వచ్చాను. గుడ్లు కదలనప్పుడు లేపినా ఏమీ లేదనేదాన్ని, కదిలినప్పుడు లేపినా దొడ్డి నుంచి వచ్చి ఏమీ లేదనేదాన్ని. పిల్ల కాగితాల్లో అన్నీ 'ఏమీ లేదు'లే. సాయంత్రం ఖాలా గడపలో కూర్చుని "ఆజ్ క్యా సప్నా దేఖీ?" అని, ఇవాళ ఏం కల వచ్చిందని అడిగేది. నీళ్లకు తెలుసు పోయి అడగమని మా అత్త జవాబిచ్చేది. మా బావ నాతో నేరుగా మాట్లాడడు. తమ్ముడి భార్యతో మాట్లాడాల్సి వస్తే గోడకో, వాళ్లమ్మకో చెప్పడం మా ఇంటి మర్యాద. ఆయన గోడను చూస్తూ అన్నాడు.

"కాలేజోళ్లు ప్రాజెక్టేదీ అంటే దొడ్లె నల్లాను పీకి పట్కపోతవా?"

ఆ రాత్రి అన్నం దగ్గర పిల్ల కళ్లు ఎర్రగా ఉన్నాయి. "ఒక్కసారి, చిన్నమ్మా. ఒక్కసారి నాకు ముందు చెప్పు," అంది. చెబుతాననే అనుకున్నాను. దాని కోసం నేను చెయ్యని పని ఏముంది? కానీ మర్నాడు లేపగానే నన్ను అడగకుండానే నా కాళ్లు దొడ్లోకి పరుగెత్తాయి. వచ్చి చూస్తే అది కాగితాలు మూసి పెట్టెలో పెడుతోంది. చిన్నప్పుడు దెబ్బ తగిలినా ఏడ్చేది కాదు. ఇప్పుడూ ఏడవడం లేదు. అదే నాకు భరించరానిదిగా అనిపించింది.

అప్పుడు మా అత్త (అంతవరకు వేళాకోళమే తప్ప ఇంకో మాట లేని మా అత్త) వక్క నములుతూ అంది. "ఆమె నీళ్లకాడికి ఉరుకుడెందుకు? నీళ్లనే ఈడికి తేరాదు?"

"పారాలె, అత్తమ్మా. నిలవ నీళ్లకు చెప్పొద్దు," అన్నాను.

"పారిస్త. చెంబుల కెల్లి తాంబాళంలకు నేను వంపుత. పారినట్లే గద! సాకా?"

చాలా అని అడగాల్సినప్పుడు ఆవిడ నోట కన్నడమే వస్తుంది. ఆ మాట వచ్చిందంటే ఇక తిరుగులేదు.

అమావాస్యకు గంజ్ బందు. మా బావ ఇంట్లోనే ఉన్నాడు. మధ్యాహ్నం ఆయన నడిమింటి గడపలోకి వచ్చి చూసిన దృశ్యం ఇలా ఉండి ఉంటుంది: మంచం మీద కోడలు నిద్రపోతోంది. తల దగ్గర కూతురు మోకాళ్ల మీద కూర్చుని కోడలి రెప్పల వైపు చూస్తోంది. ఇటు పక్క పీట మీద ఇంటి పెద్దావిడ నిండు చెంబు ఎత్తి పట్టుకుని, కింద తాంబాళం పెట్టుకుని, ఏదో వ్రతం చేసుకుంటున్నదానిలా ఊపిరి బిగబట్టి ఉంది. తాంబాళం పక్కన రికార్డు నొక్కి పెట్టిన ఫోను.

"ఏం జరుగుతున్నదీ ఇంట్ల?" అన్నాడట.

"ష్! గుడ్లు కదులుతున్నయ్," అందట మా అత్త.

నేను లేచేసరికి నీళ్ల చప్పుడు వినిపిస్తోంది. కళ్లు పూర్తిగా తెరవలేదు. ఆ చప్పుడుకే చెప్పడం మొదలుపెట్టాను. రాయచూరు బస్టాండులో ఉన్నాను. బస్సులన్నీ ఆగి ఉన్నాయి, వాటి మీద ఎండ లేదు, నది మీద తెల్లవారినప్పటి వెలుగు ఉంది. నా నెత్తి మీద రొట్టెల గంప. కవితాళ ఊరికి పోయే ముసలమ్మ ఒకామె రొట్టె అడిగింది. తీసి చూస్తే రొట్టె మీద పెనం వేసిన మచ్చలు మచ్చలుగా లేవు, అక్షరాలుగా ఉన్నాయి. ఇంకోటి తీశాను, దాని మీద ఇంకేదో రాసి ఉంది. నేను చదవడం మొదలుపెట్టాను. గడగడ చదువుతున్నాను. కండక్టర్లు విజిళ్లు ఆపేశారు, జనం గుమిగూడారు, ఎవరూ తినడం లేదు, అందరూ వింటున్నారు. మా అమ్మ కూడా ఎక్కడో ఉంది. ఒక రొట్టె అయిపోతే ఇంకొకటి, గంప తరగడం లేదు, నా గొంతు అలసిపోవడం లేదు.

చెంబు ఖాళీ అయింది.

"ఏం రాసుండె, చిన్నమ్మా?" పిల్ల గొంతు చాలా నెమ్మదిగా వచ్చింది.

"చదివిన బిడ్డా. మంచిగ చదివిన. ఏం రాసుండెనో..." అని చేతులు చూసుకున్నాను, అక్కడేమైనా అంటుకుని ఉంటుందేమో అన్నట్టు.

"ఏం రాసుంటది," అన్నాడు గడపలోంచి మా బావ. "మాడింది అని రాసుంటది."

అందరం నవ్వాం. నేనే ఎక్కువ నవ్వాను. నవ్వుతూ నవ్వుతూ కొంగుతో ముఖం తుడుచుకుంటే, తడి తాంబాళంలోంచి చిందిందని చెప్పాను.

అసలు తమాషా తర్వాత జరిగింది. పిల్ల ఫోను తీసి వింటే, అందులో మొదటి నుంచి చివరి దాకా నీళ్ల చప్పుడే! అత్త చెంబు సరిగ్గా ఫోను నెత్తినే వంపింది. కుండపోత వానలో ఎవరో దూరంగా గొణుగుతున్నట్టు ఉంది తప్ప ఒక్క మాట తెలియదు. పిల్ల తల పట్టుకుంది. నాకేమో కల అప్పటికే జారిపోతోంది.

"గంత మాత్రానికేందే, నేను చెప్త రాసుకో," అంది మా అత్త. "బస్టాండ్ల రొట్టెలమ్ముతున్నది. ఒక కండక్టరొచ్చి రొట్టె అడిగిండు..."

"కండక్టర్ గాదమ్మా, ముసలామె," అన్నాడు మా బావ. "కవితాళకు పోయేటామె. కండక్టర్లు సీటీలు ఆపిన్రు, గది తర్వాత."

"నీకెట్ల తెల్సు, నువ్వు గడపల ఉంటివి!"

"ఇన్న. నది మీద వెలుతురు గూడ రాసుకో. ఎండ గాదు, వెలుతురు."

మా బావ మాట వెనక మాట అందిస్తుంటే పిల్ల కలం పరుగెత్తింది. తన కలనే నలుగురి మధ్య పంచాయితీ చేసి తిరిగి అప్పగిస్తే వినే భాగ్యం ఎంతమందికి దొరుకుతుంది? నేను మంచం మీద కూర్చుని, పక్కింటి వాళ్ల పెళ్లి ముచ్చట విన్నట్టు విన్నాను.

ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని మా బావ రొట్టె తుంచకుండా తిప్పి తిప్పి చూస్తున్నాడు. మాడిందేమో అనుకున్నాను. ఆయన తల ఎత్తి, గోడను కాదు, నన్నే చూసి అడిగాడు. "అక్షరం ముక్క రాదు గద నీకు. మరి కలల ఎట్ల చదివినవ్?"

అన్నేళ్లలో ఆయన నాతో నేరుగా అన్న మొదటి మాట అది. నేను ఇంకో రొట్టె తెచ్చి ఆయన పళ్లెంలో వేశాను. ఆయన కూతురి వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు. నువ్వు గదా మెదడు చదువుతున్నది."

పిల్ల గొప్పగా ఏదైనా చెప్పి ఆయనను గెలుచుకుంటుందని, గెలుచుకోవాలని నేను ఎదురుచూస్తున్నాను. అది మెల్లగా అంది. "తెల్వదు, నాయినా. కొంచెం కొంచెం చెప్తరు గని, సక్కగ ఇంక ఎవ్వరికీ తెల్వదట. గందుకే చదువుతున్న."

అయిపోయింది, ఇక బీయే ఖాయం అనుకున్నాను. మా బావ రొట్టె తుంచి, నమిలి, నీళ్లు తాగి, చెయ్యి కడుక్కుని లేచాడు. గడప దాటుతూ అన్నాడు.

"తెలిసినంక నాకు జెప్పు."

అంతే. టికెట్టు ఎప్పటికి తీయాలో మర్నాడు ఆయనే అడిగాడు. (ప్రాజెక్టు గట్టెక్కింది. నీళ్లకు చెప్పే ముచ్చట చదివి వాళ్ల టీచరమ్మ ముందు నవ్విందట, తర్వాత చాలాసేపు కూర్చోబెట్టి అడిగిందట. తప్పిన పేపరు కూడా ఆ ఊపులోనే పాసయింది.)

పిల్ల మళ్లీ బెంగళూరు పోయేలోపు నేను దాన్ని ఒక్కటే అడిగాను. ఆ రొట్టెల మీద ఏం రాసి ఉందో తెలుసుకోవాలంటే ఎలా అని. అది నా పరాతులో పొడి పిండి పరిచి, నా వేలు పట్టుకుని 'అ' దిద్దించింది. "ఆ పిండితోనే రొట్టెలు చేస్తే, ఖానావళిల చదువుకుంట తింటరు," అని మా అత్త మురిసిపోయింది. పిల్ల బెంగళూరు వెళ్లాక, పెద్దవాళ్లకు తెలుగూ కన్నడా నేర్పే సాయంత్రం బడికి పోయాను, ఖాలాను కూడా లాక్కుపోయాను. తెలుగు వచ్చింది. కన్నడ బోర్డులు ఇప్పటికీ బస్సు కదిలేలోపు సగమే అందుతాయి. పిల్ల ఇంకా చదువుతూనే ఉంది. ఫోనులో మా బావ మొదటి మాట మాత్రం మారలేదు: "తెలిసిందా?"

ఇప్పుడు నాకు పగటినిద్ర లేదు. అయినా అప్పుడప్పుడు ఆదివారం మధ్యాహ్నం ఆ నులక మంచం వాల్చుకుంటాను. బండల చల్లదనం, ఫ్యాను కిర్రు, దూరంగా రైలు. బస్టాండు వస్తుంది, వెలుగు వస్తుంది, గంప వస్తుంది. వచ్చిన చిక్కల్లా ఒకటే. అక్షరం రానప్పుడు గడగడ చదివిన మనిషిని, అక్షరాలు వచ్చాక కలలో కూడా వేలు పెట్టి కూడబలుక్కుంటున్నాను. జనం విసుక్కుని బస్సులెక్కేస్తున్నారు. కవితాళ ముసలమ్మ మాత్రం ఓపిగ్గా నిలబడి ఉంటుంది. ఏమీ తెలియకుండా అంత ధైర్యంగా చదివేసిన ఆ రొట్టెలమ్మిని తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త అసూయ కూడా కలుగుతుంది. మొన్న మొదటి రొట్టె మీద మొదటి అక్షరం దాకా వచ్చాను. లేవగానే నల్లాకు చెప్పాను, తర్వాత మీకు చెబుతున్నాను: 'క' లాగే ఉంది. మాడిన మచ్చ కూడా కావచ్చు.